చల్లటి పెనం

మార్చి మొదటి శుక్రవారం మా ఊళ్ళో ఎవరికీ పని మీద మనసుండదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటితో ఐస్ హాకీ జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి గడువు ముగుస్తుంది. ఆ తర్వాత ఒకణ్ణి ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోవడం కుదరదు. ఉన్నవాళ్ళతోనే సీజను చివరిదాకా ఈదాలి. అందుకని పొద్దున్న కాఫీకి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా నా హోటల్లోనే తిష్ఠ వేస్తారు.

నా హోటలంటే పెద్దదేమీ కాదు. కెనడాలో, థండర్ బే రేవు వీధిలో నాలుగు బల్లలు, ఒక పెనం, గోడకి ఒక టీవీ. మా అమ్మ ఫిన్లాండ్ నుంచి వచ్చి పెట్టింది. పాలూ గుడ్లూ కలిపిన పల్చటి అట్లు పోసేది, ఇప్పుడు నేను పోస్తున్నాను. కిటికీ పక్క బల్ల మా అన్నయ్య వెయికోది. కాగితం మిల్లులో రిటైరైన దగ్గర్నుంచీ ఆ కుర్చీ ఆయన సొంతమైపోయింది. ఎదురుగా రేజాన్ కూర్చుంటాడు, ఒకప్పుడు రైలింజను నడిపేవాడు. పక్కన క్లారెన్స్, స్కూలు బస్సు డ్రైవరు. ఈ ముగ్గురికీ ఇంట్లో కుళాయి కారితే బాగుచేయడం చేతకాదు గానీ, మా ఊరి లాగర్స్ జట్టుని మాత్రం రోజూ విప్పి మళ్ళీ బిగిస్తారు.

ఆ శుక్రవారం విప్పడానికి కారణం కూడా ఉంది. ముందురోజు రాత్రి ఆటలో మైనర్స్ జట్టులోని ఒక తాడిచెట్టులాంటి మనిషి మా కెప్టెన్ని గోడకేసి గుద్దాడు. కెప్టెన్ భుజం జారింది. మా వాళ్ళలో ఒక్కడు తప్ప అందరూ బొమ్మల్లా చూస్తూ నిలబడ్డారు. ఆ ఒక్కడు నా కొడుకు యారి. చేతి తొడుగులు మంచు మీద పారేసి ఆ తాడిచెట్టుతో తలపడ్డాడు. రెండు దెబ్బలు కొట్టాడు, నాలుగు తిన్నాడు. యారి ఉద్యోగమే అది. గోలు కొట్టమని వాణ్ణి ఎవరూ అడగరు. మనవాళ్ళ మీద చెయ్యి వేసినవాడి సంగతి చూడమంటారు.

జట్టు కోసం దెబ్బలాడినవాడికి తోటి ఆటగాళ్ళు కర్రలతో గోడ మీద టకటక కొట్టి మర్యాద చేస్తారు. మా కిటికీ బల్ల వాళ్ళు దాన్ని చెంచాలతో చేస్తారు. యారి కొట్లాడిన మర్నాడు నేను కాఫీ జగ్గు పట్టుకుని వంటింట్లోంచి రాగానే ముగ్గురూ కప్పుల మీద చెంచాలు మోగిస్తారు. నేను తల ఊపుతాను. ఇన్నేళ్ళుగా అదే ఆనవాయితీ. ఆ రోజు చెంచాలు మోగాయి గానీ నేను తల ఊపలేదు. వాళ్ళు గమనించలేదు, అప్పటికే జట్టు మరలు విప్పడం మొదలుపెట్టేశారు.

"మనది మెత్తటి జట్టు," అన్నాడు అన్నయ్య. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుంది. ఆ స్వీడన్ కుర్రాణ్ణి ఇచ్చేసి ఎవడైనా ఒక మొరటువాణ్ణి తెచ్చుకోవాలి."

ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్ళు. మంచు మీద నీళ్ళు జారినట్టు జారతాడు. వాడంటే రేజాన్‌కి ప్రాణం.

"పిడికిళ్ళు గోల్లో దూరవు వెయికో," అన్నాడు రేజాన్. "ఆవుని ఇచ్చి పలుపుతాడు తెచ్చుకుంటావా?"

క్లారెన్స్ ఇద్దరూ చెప్పింది నిజమేనన్నాడు. నువ్వు గోడమీద పిల్లివి, అందుకే నీకు బస్సిచ్చారు, రెండు వైపులా చూసి నడుపుతావని, అన్నాడు అన్నయ్య. ముగ్గురూ నవ్వుకున్నారు.

నేను వంటింట్లోకి రాగానే గొంతులు తగ్గాయి. ప్లేట్లు అందించే కిటికీలోంచి నాకు అన్నీ వినిపిస్తాయని వాళ్ళకి ఇన్నేళ్ళలో తెలియలేదు. యారి చేతుల్లో పస అయిపోయిందని రేజాన్ మెల్లగా అన్నాడు. వేసవిలో ఒప్పందం ముగిశాక మన జట్టు వాణ్ణి ఉంచుకోదన్నాడు. ఉంచుకోకపోతే ఏం, ఇంకో జట్టు తన్నుకుపోతుందని అన్నయ్య వాదించాడు. కప్పు కోసం ఆడే జట్లన్నిటికీ ఇప్పుడు గట్టి మనిషి ఒకడు కావాలి, ఇవాళ మూడింటిలోగా ఫోను రాకపోతే నా పేరు మార్చుకుంటానన్నాడు. నేను జగ్గు పట్టుకుని మళ్ళీ వెళ్ళేసరికి సరస్సు మీద మంచు ఈ ఏడు ఎప్పుడు విరుగుతుందా అని చర్చిస్తున్నారు. తల్లి వింటుండగా కొడుకు ఆట గురించి మాట్లాడకూడదని వాళ్ళ నియమం. నేను దగ్గరికి వస్తే చాలు వాతావరణం మొదలవుతుంది.

నా మనసు పొద్దుటి దగ్గరే ఆగిపోయి ఉంది.

ఆట ఉన్న మర్నాడు యారి పొద్దున్నే వెనక తలుపు నుంచి వస్తాడు. మొదటి వాయి అట్లు వాడే పోస్తాడు, చిన్నప్పటి అలవాటు. ఆ రోజు నేను గుడ్ల బుట్ట తెచ్చుకునేసరికి వాడు పెనం ముందు అట్లకాడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెనం మీద పిండి పోసి ఉంది. కింద మంట లేదు. ఎంతసేపట్నుంచి అలా నిలబడ్డాడో నాకు తెలియదు. పిండి అంచులదాకా పాకి కారుతోంది.

"ఏంటమ్మా, ఇవాళ కాలట్లేదు?" అని నన్నే అడిగాడు.

నేను వెళ్ళి పొయ్యి వెలిగించాను. వాడు మంటని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. వాడి మొహం చిన్నబోయింది. తల దిమ్ముగా ఉందని, చెవుల్లో హోరు క్రిస్మస్ నుంచీ తగ్గడం లేదని అప్పుడు చెప్పాడు. డాక్టరుకి చెప్పావా అంటే, రాత్రే పరీక్ష పెట్టారు, పాసయ్యానన్నాడు. "మావయ్యకి చెప్పకమ్మా. ఇవాళ మూడు దాటనీ," అని నా భుజం తట్టి, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెకి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళాక చూస్తే ఫోను పిండి డబ్బా మీద ఉంది. గడువు రోజున ఏ ఆటగాడూ ఫోను పిడికిట్లోంచి వదలడు. వీడు మర్చిపోయాడు.

కొడుకు ఎవరికీ అక్కర్లేకుండా పోవాలని కోరుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. ఆ రోజు పెనం ముందు నిలబడి గోడ గడియారం చూస్తూ, ఏ జట్టూ నా బిడ్డని అడగకూడదని దేవుణ్ణి వేడుకుంటూ ఉంది. ఎవరూ అడగకపోతే వేసవికి వాడి ఆట దానంతటదే ఆగిపోతుంది. వాడు నొచ్చుకుంటాడు, నిజమే. తల మాత్రం మిగులుతుంది.

టీవీలో పేర్లు వస్తూ పోతూ ఉన్నాయి. స్వీడన్ కుర్రాణ్ణి ఎవరికీ ఇవ్వలేదని తేలగానే రేజాన్ ఇంకో అట్టు చెప్పాడు. రెండున్నర దాటింది. నాకు కాస్త ఊపిరి తిరిగింది. అప్పుడు పిండి డబ్బా మీద ఫోను మోగింది.

నా చేతులు పిండిలో ఉన్నాయి. కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, అన్నయ్య లోపలికి వచ్చి ఫోను తీశాడు. మాట్లాడింది మా జట్టు మేనేజరు. ఆల్బర్టా జట్టొకటి యారిని అడిగింది, పట్టికలో అందరికంటే పైన ఉన్న జట్టు. కప్పు ఆటలకి వాళ్ళకి గట్టి మనిషి కావాలట. రేపే విమానం ఎక్కాలి. అక్కడి డాక్టర్లు చూసి సరేనంటే బదిలీ ఖాయం. ఇదంతా అన్నయ్య బల్ల దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పాడు. చెబుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన్ని తప్పుపట్టలేను. యారి తండ్రి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు. పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి వాడికి స్కేటింగ్ నేర్పింది, దెబ్బ కాచుకోవడం నేర్పింది, దెబ్బ తగిలితే ఏడవకుండా ఉండటం నేర్పింది మేనమామే.

చెంచాలు మోగాయి. మిగతా బల్లల వాళ్ళు కూడా అందుకున్నారు. హోటలంతా టకటకలే.

నేను కాఫీ జగ్గు వాళ్ళ బల్ల మీద పెట్టాను.

"ఆపండి," అన్నాను. ఆపారు. "పొద్దున్న పెనం కింద మంట లేదు అన్నయ్యా. మంట లేకుండానే పిండి పోసి నిలబడ్డాడు వాడు. అట్టు ఎందుకు కాలట్లేదని నన్నడిగాడు."

వాడు చెప్పొద్దన్న మాటలన్నీ చెప్పేశాను. చెవుల హోరు గురించి, క్రిస్మస్ గురించి.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. నిద్ర చాలక అయ్యుంటుందన్నాడు. తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "రాత్రి పరీక్ష పెట్టారుగా. తేడా ఉంటే అందులోనే తేలేది," అన్నాడు.

రేజాన్ చెంచా పక్కన పెట్టాడు. "ఏ పరీక్షరా వెయికో?" అన్నాడు.

ఆ పరీక్ష సంగతి ముగ్గురికీ తెలుసు. సీజను మొదట్లో, సెప్టెంబరులో, జట్టు డాక్టరమ్మ ప్రతి ఆటగాణ్ణీ కంప్యూటరు ముందు కూర్చోబెడుతుంది. మాటలు గుర్తుపెట్టుకోమంటుంది, బొమ్మ కనిపించగానే మీట నొక్కమంటుంది. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. సెప్టెంబరు కంటే మందగిస్తే ఆడనివ్వరు. అందుకని పాత కాపులు ఒక కిటుకు కనిపెట్టారు. సెప్టెంబరులోనే కావాలని మొద్దులా చెయ్యాలి. అప్పుడు మార్చిలో ఎంత మొద్దుబారినా తేడా కనపడదు. యారికి ఆ కిటుకు నేర్పింది మా అన్నయ్య. నేర్పానని ఇదే బల్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆల్బర్టా డాక్టర్లు చూసేది కూడా ఆ సెప్టెంబరు మార్కులతో పోల్చే.

అన్నయ్య తన చేతులు చూసుకున్నాడు. క్లారెన్స్ ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. చివరికి అన్నయ్య జేబులోంచి తన ఫోను తీసి మా జట్టు డాక్టరమ్మకి చేశాడు. లేచి బయటికి వెళ్ళలేదు, అందరి ముందే మాట్లాడాడు.

"అమ్మా, నేను యారి మేనమామని. సెప్టెంబరులో మావాడు ఇచ్చింది దొంగ పరీక్ష. కావాలనే తప్పులు చేశాడు. చేయమని నేర్పింది నేను. ఆ మార్కులు చూసి వాణ్ణి ఆడనివ్వకండి. పొద్దున్న వాడు పొయ్యి వెలిగించడం మర్చిపోయాడు." అటు ఆమె ఏదో అడిగింది. "తెలుసమ్మా. వాడు నాతో మాట్లాడడని తెలుసు," అన్నాడు.

మూడు కాకముందే మేనేజరు నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. మార్పిడి రద్దయింది. అన్నయ్య "ఊఁ" అని మాత్రం అని పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చాడు యారి. బూట్ల నిండా మంచు, ఎడమ కన్ను కింద నల్లగా వాపు. ఫోను ఇక్కడ మర్చిపోయానని నవ్వుతూ వచ్చినవాడు మా మొహాలు చూసి తలుపు దగ్గరే ఆగాడు. నేను నోరు తెరవబోతే అన్నయ్య చెయ్యెత్తి వారించాడు. జరిగిందంతా తనే చెప్పాడు, ఏదీ దాచలేదు, నా మీదికి ఏదీ నెట్టలేదు.

యారి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"వాళ్ళకి నేను కావాలన్నారా మావయ్యా?"

"అన్నార్రా."

"నిజంగా వాళ్ళే అడిగారా? లేకపోతే మనవాళ్ళు వదిలించుకోవాలని చూశారా?"

"వాళ్ళే అడిగారు. నా చెవులతో విన్నాను," అన్నాడు అన్నయ్య.

యారి తల పంకించాడు. ముప్పై ఒకటో ఏట, విరిగి అతికిన వేళ్ళతో ఉన్న మనిషిని కప్పు గెలవబోయే జట్టు అడిగింది. ఆ మాట వాడు జీవితాంతం దాచుకుంటాడని నాకు తెలిసింది. ఆ అవకాశాన్ని వాడి చేతుల్లోంచి లాక్కున్నది మేమేనని కూడా తెలిసింది.

"నాక్కూడా కావాలిరా నువ్వు," అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. చెంచాలు ఎవరూ ముట్టుకోలేదు. అంతలో క్లారెన్స్ కిటికీలోంచి చూసి, సాయంత్రానికి మళ్ళీ మంచు కురిసేలా ఉందన్నాడు. రేజాన్, అవును, గాలి సరస్సు మీంచి తిరిగిందన్నాడు. ఎన్నో ఏళ్ళుగా విసుక్కున్న ఆ వాతావరణం కబుర్లకే ఆ రోజు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

యారి టోపీ మేకుకి తగిలించి వంటింట్లోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. మధ్యాహ్నం వాయికి పిండి కలిపి ఉంది. గరిటె తీసుకుని పెనం ముందు నిలబడ్డాడు. పొయ్యి కేసి వంగి చూశాడు, నిటారుగా నిలబడ్డాడు, మళ్ళీ వంగి చూశాడు.

"వెలిగించే ఉందా అమ్మా?" అని అడిగాడు.

"వెలిగించే ఉంది నాన్నా," అన్నాను.

అయినా వేళ్ళు తడిపి పెనం మీద నీళ్ళు చిలకరించాడు. చుయ్యిమంది. అప్పుడు పోశాడు పిండి.