దగ్గొస్తే తలుపేసుకో

"దగ్గొస్తే వంటింటి తలుపేసుకోవచ్చుగా, ఫోన్లో ఒక్క మాటా వినబడి చావట్లేదు," అన్నారు మా ఆయన. వేసుకున్నాను. ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తున్నాను. కుడి పక్కటెముకల కింద పోటు వచ్చి బల్ల పట్టుకుని నిలబడిపోయాను. పీల్చిన గాలి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఉండగానే పోతానేమోనని భయమేసింది. కాలిన చొక్కా చూసి అత్తయ్య ఏమంటుందో కూడా అప్పుడే తోచింది, అంత భయంలోనూ.

వారంగా వణికించే జ్వరం. తెల్లారగానే మాత్ర మింగి వంటకి దిగేదాన్ని. అత్తయ్య నుదుటి మీద చెయ్యేసే వేళకి ఒళ్లు చల్లబడి ఉండేది. "జ్వరమూ లేదు, గిరమూ లేదు. పని తప్పించుకునే వేషాలు," అనేది. వాళ్ల పని ఆగకూడదని మింగిన మాత్రే నన్ను అబద్ధాలకోరుని చేసింది.

ఆ పూట కఫం తుప్పు రంగులో పడింది. ఎవర్నీ అడక్కుండా ఆసుపత్రికని చెప్పులేసుకున్నాను. ఆయన విసుక్కుంటూ వెంట వచ్చారు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?" అంది డాక్టరమ్మ.

"రెండ్రోజులేనండీ, మామూలు జలుబు," అన్నారాయన.

"చలి, జ్వరం?"

"అబ్బే."

"షుగరుందా?"

"ఏదో కొంచెం."

నా షుగరు! నేను నోరు తెరిచేలోపే నా ఒంటి సంగతులన్నీ ఆయన చెప్పేస్తున్నారు. కాదనడానికి నాకు ఊపిరి చాలడం లేదు.

వీపు మీద స్టెతస్కోపు పెట్టి డాక్టరమ్మ చాలాసేపు వింది. వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ అంకె చూసి నొసలు ముడిచింది. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున తెల్లటి మచ్చ.

"న్యుమోనియా," అంది. "ఇంట్లో సిగరెట్లు ఎవరు కాలుస్తారు?"

అప్పటిదాకా నా జవాబులన్నీ తానే చెప్పిన మనిషి నావైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు. సర్దిచెప్పమని.

"ఈయనే. పడగ్గదిలో, కిటికీలు మూసి," అన్నాను, మాట మాటకీ ఆగుతూ. "జ్వరం వారం నుంచీ. మాత్రలతో కప్పెట్టాను."

"జబ్బు తెచ్చేది క్రిములేనమ్మా. కానీ పొగ, షుగరు కలిస్తే వాటిని తట్టుకునే శక్తి పోతుంది. ఇవాళే ఆసుపత్రిలో చేరాలి. ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది."

"మందులు రాసివ్వండి, ఇంట్లోనే చూసుకుంటాం," అన్నారాయన.

చూసుకుంటాం! ఆ ఇంట్లో చూసుకునే మనిషిని నేనొక్కదాన్నే. ఆ ఇంటికి తిరిగి వెళ్తే బతకనని నాకు తెలిసిపోయింది.

"చేర్చుకోండమ్మా," అన్నాను. అంతలో దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. ఆయన అలవాటుగా చిరాకు పడ్డారు.

"మీరు బయటికెళ్లి తలుపేసుకోండి," అన్నాను.