ఆంబోతుకు పలుపు

ఎమర్జెన్సీ రోజుల్లో ఆ ఊరి మగవాళ్లు జీపు చప్పుడు వినపడితే చాలు, పంచె ఎగ్గట్టి గుట్టెక్కేవారు. కుటుంబ నియంత్రణ వాళ్లు వస్తున్నారని ఎవరైనా ఆటపట్టించడానికి అరిచినా సరే, పెళ్లికాని పిల్లగాళ్లతో సహా పరుగు తీసేవారు. తరువాత ఎమర్జెన్సీ పోయింది, ప్రభుత్వం మారింది, మగవాళ్లు గుట్ట దిగారు. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ జీపు వచ్చింది. ఈసారి వంతు ఆంబోతులది. గుట్టెక్కమని వాటికి చెప్పే నాథుడు లేకపోయాడు.

పుంగనూరులో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, మెట్టచేల గట్ల వెంబడి నడిస్తే వచ్చే పల్లె అది. ఆ పల్లెకు జెర్సీ ఆవుల పథకం మంజూరైంది. బ్యాంకు అప్పిస్తుంది, ప్రభుత్వం సగం భరిస్తుంది, చెంబుడు పాలు పితికే ఇంట్లో ఇకమీదట బిందెడు పితుకుతారు. షరతు ఒక్కటే. ఊళ్లో నాటు ఆంబోతు మిగలకూడదు. అన్నిటికీ విత్తులు నొక్కించాలి. ఆవు ఎదకొస్తే పశువుల డాక్టరు పుంగనూరు నుంచి జెర్సీ బీజం సూదిలో తెచ్చి వేస్తాడు. సర్పంచు గంగులప్ప పంచాయతీలో తీర్మానం పెట్టాడు. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం, శనక్కాయ పంట చేతికి రాని కాలం. కాదనేంత ధైర్యం ఎవరికుంటుంది? పెద్దలంతా వేలిముద్రలు వేశారు. ఒకే పొద్దున ఊరి కోడెలన్నీ ఎద్దులైపోయాయి. ఆ పూట మేతకు పక్క పొలిమేర దాటిపోవడంవల్ల ఒక్క మునెప్ప ఆంబోతు మాత్రం దక్కింది.

మునెప్ప అప్పటికే పోయాడు. ఆంబోతు ఆయన పేరు మీద వదిలింది. బతికినన్నాళ్లూ ఆయన పుంగనూరు పొట్టి ఆవుల్నే మేపాడు. నడుమెత్తు ఉండే ఆవులు అవి. దోసెడు ఎండుగడ్డి తిని, బుడ్డచెంబుడే ఇచ్చినా వేలు ముంచితే అంటుకునేంత చిక్కటి పాలిచ్చేవి. ఆయన పెద్దకర్మ నాడు భార్య వెంకటలక్ష్మమ్మ మందలోకెల్లా మేలైన తెల్లకోడెను ఏరి, తొడమీద త్రిశూలం అచ్చు వేయించి, దేవుడికి వదిలేసింది. వదిలిన ఆంబోతు ఎవరి చేలో మేసినా అదిలించరు, కాడి కట్టరు, మెడకు పలుపు వేయరు. వేస్తే పోయినవాడి దారి మధ్యలోనే తెగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. చుట్టుపట్ల పల్లెల ఆవులన్నీ ఎదకొస్తే ఈ ఆంబోతు దగ్గరికే వచ్చేవి. మునెప్ప పోయినా ఆయన మంద పెరుగుతూనే ఉందని వెంకటలక్ష్మమ్మ లోలోపల పొంగిపోయేది.

తప్పిపోయిన ఆంబోతు కోసం మళ్లీ సోమవారం వస్తామని డాక్టరు చెప్పి పంపాడు. వెంకటలక్ష్మమ్మ సర్పంచు ఇంటికి పోయి దాన్ని ముట్టుకోవద్దని చెప్పింది. గంగులప్ప చెడ్డవాడు కాదు గానీ, పథకం తెచ్చినవాడనే పేరు అప్పుడే తలకెక్కింది. ఆంబోతు ఎవరిదని అడిగాడు. దేవుడిదని చెప్పింది ఆమె.

"నీది కానప్పుడు నీకేం నొప్పి మ్మా? సొంతదారు ఉంటే సంతకం అడుగుతారు. దిక్కులేని దానికి పంచాయతీ తీర్మానమే సాలు."

ఆ మాట ఆమెకు గుండెలో ముల్లులా దిగింది. దేవుడి పేరు మీద వదిలితే కాపలా కూడా దేవుడే కాస్తాడని ఊరంతా అనుకుంటూ వచ్చింది. తీరా చూస్తే, దేవుడిదంటే ఎవరిదీ కాదని అర్థమట.

పోతే పోనీ, ఇంకో కోడెను తెచ్చుకుందామంటే దొరికే కాలమూ కాదు. పోయిన ఎండాకాలం చెల్లెలి కూతురి పెళ్లికని ఆమె కుప్పం పోయింది. అక్కడ ఈ జీపు ఏడాది ముందే తిరిగింది. వెంకటగిరికోట దాటింది మొదలు కుప్పం దాకా ఒక్క పొట్టి ఆంబోతు కంటపడలేదు. చెల్లెలి ఆవు ఎదకొచ్చి రాత్రంతా అరిచింది. సూది సంచి పట్టుకున్నాయన మూడోనాడు తీరిగ్గా వచ్చాడు, అప్పటికి ఆవు చల్లబడింది. ఇంటిముందు కట్టేసిన పొడుగుకాళ్ల సంకరదూడ వేపచెట్టు నీడలో కూడా నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉంది. పచ్చిమేత లేక, తాగడానికి సరిపడా నీళ్లు లేక అది శ్రావణం చూడలేదు. ఆ దూడ కళ్లు వెంకటలక్ష్మమ్మకు తరువాత కూడా గుర్తొచ్చేవి. మా కరువును మా పశువే తట్టుకుంటుంది, ఈ ఒక్కటీ పోతే పుంగనూరు అనే పేరు ఊరికి మిగులుతుంది గానీ ఆవుకు మిగలదు అని ఆమెకు తెలిసిపోయింది.

కొడుకు ఓబులప్పకు ఇవేవీ పట్టలేదు. జెర్సీ జాబితాలో మొదటి పేరు అతనిదే. బోరు ఎండి, పంట ఎండి, ఇద్దరు బిడ్డల్ని ఎట్లా సాకాలో తెలియక సతమతమవుతున్నవాడు. ఒక్క ఆంబోతు కోసం నా కొంప ముంచుతావా అని తల్లి మీద విరుచుకుపడ్డాడు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

మరునాడే వెంకటలక్ష్మమ్మ మదనపల్లె బస్సెక్కింది. మునెప్ప బతికున్నప్పుడు ఒక పొలం తగాదాలో వాదించిన వకీలు సుబ్రమణ్యం ఇంటి మెట్ల మీద కూర్చుని, ఆయన కోర్టుకు బయల్దేరే వేళకు పట్టుకుంది. స్టే కావాలంది. ఆయన ఓపిగ్గా అంతా విని, పశువు ఆమెది కానప్పుడు కేసే లేదని తేల్చేశాడు. లేచిపోతున్న ఆమె మొహం చూసి ఏమనిపించిందో, ఉండమని చెప్పి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. ఇది రాజ్యాంగం, దేశాన్ని ఎట్లా నడపాలో రాసుకున్న పుస్తకం, ఇందులో ఆదేశిక సూత్రాలని ఒక భాగం ఉంది అని చెప్పి, ఒకచోట వేలు పెట్టి తెలుగు చేసి చదివాడు. పశుపోషణను శాస్త్రీయంగా నడపాలి, ముఖ్యంగా పశువుల జాతుల్ని కాపాడటానికీ మెరుగుపరచటానికీ ప్రభుత్వం పూనుకోవాలి.

వెంకటలక్ష్మమ్మ నోరు తెరుచుకుని వింది. ఢిల్లీలో పెద్దవాళ్లు కూర్చుని రాసుకున్న పుస్తకంలో ఆవు ఉందా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఇంకా ఏమేమి ఉన్నాయో చెప్పమంది. కూలివాడికి బతకదగ్గ కూలి, ఆడమనిషికి మగమనిషితో సమానమైన కూలి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ చదువు, బలహీనుడికి ఆసరా. వినేకొద్దీ ఆమెకు కోపం వచ్చింది. ఆ పుస్తకానికి ముప్పై ఏళ్లు నిండబోతున్నాయి. ఇంత మంచి మాటలు రాసి బీరువాలో పెట్టుకున్నవాళ్లను ఏమనాలి? పెళ్లి మాట ఇచ్చి ముహూర్తం పెట్టనివాణ్ణి ఊళ్లో ఏమంటారో అదే అనాలి.

అయితే ఈ మాట జడ్జి ముందు చదవమంది. సుబ్రమణ్యం తల అడ్డంగా ఊపాడు. ఈ భాగాన్ని పాలకులు మనసులో పెట్టుకుని పాలించాలే తప్ప, అమలు చేయమని ఏ కోర్టూ ప్రభుత్వం మెడ వంచలేదు. ఆ సంగతి కూడా ఆ పుస్తకంలోనే రాసిపెట్టారు.

"ఇది కోరలు తీసిన పామమ్మా" అన్నాడు.

"కోరలు తీసినా పాము పామే కద సామీ. దాని మీద కాలు పెట్టే మొగోణ్ణి నేనింతవరకూ సూడలేదు."

సుబ్రమణ్యం నవ్వాడు. నవ్వి, వకీలుగా తాను చెప్పగలిగింది ఒక్కటే అన్నాడు. ఈ పథకంలో సొంతదారు ఒప్పుకోకుండా పశువును ముట్టుకునే వీల్లేదు. ఆంబోతు ఆమెదైతే ఆమె మాట చెల్లుతుంది.

తిరుగు బస్సులో వెంకటలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెది కావాలంటే పలుపు వేయాలి. పలుపు వేస్తే ఇచ్చినదాన్ని దేవుడి చేతిలోంచి లాక్కున్నట్టే. పెనిమిటి పుణ్యానికి తన చేత్తోనే నిప్పు పెట్టినట్టే. సగం దారి దాటేదాకా ఏడ్చి, ఆ తరువాత కళ్లు తుడుచుకుంది. నీ దారి తెగితే తెగనీలే, నీ మంద తెగిపోతే నువ్వు పైనుంచైనా ఊరుకుంటావా అని మునెప్పను మనసులోనే నిలదీసింది. ఆయన బతికున్నప్పుడు ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి, ఆయన చచ్చినాక చెప్పిన మొదటి ఎదురుమాట అది.

సందెవేళ మెట్టచేను గట్టు మీద ఆంబోతు కనిపించింది. ఆమె దగ్గరికి పోయి, గంగడోలు నిమిరి, చెంపలు వేసుకుని, మెడకు పలుపు వేసింది. అది దూడప్పుడు ఎరిగిన చెయ్యి కాబట్టి కాబోలు, గుంజుకోకుండా వెంట నడిచింది.

ఊరు అట్టుడికిపోయింది. విత్తులు నొక్కించడానికి వేలిముద్రలు వేసిన పెద్దలే, పలుపు వేసిందని నోళ్లు నొక్కుకున్నారు. దేవుడి సొమ్ము అపహరించిందన్నారు. వానలు రాకపోవడానికి ఇదే కారణమన్నారు. వానలు మూడేళ్లుగా రావడం లేదు, పలుపు పడింది నిన్న. ఆమె వీధిలో పోతుంటే ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఓబులప్ప ఇంట్లో ముద్ద ముట్టలేదు. అన్నీ భరించింది గానీ, కొడుకు ఆకలితో పడుకోవడం మాత్రం ఆమెను కోసింది.

సోమవారం జీపు వచ్చింది. వెంకటలక్ష్మమ్మ ఆంబోతును ఇంట్లోకే తోలి, పలుపు చేతికి చుట్టుకుని గడపలో కూర్చుంది. పెద్దజాతి ఎద్దయితే ఆ వాకిట్లో కొమ్ములు కూడా దూరవు. ఇది పొట్టిది కాబట్టి వెనక నిలబడి, ఆమె భుజం మీదుగా వీధిలోకి చూస్తూ నెమరు వేసింది. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. డాక్టరు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఇనుప పట్టకారు పట్టుకున్న మనిషిని వెనక నిలబెట్టి, ముందు మంచిమాటలే చెప్పాడు. జాతి బాగుపడాలనే కదా ఇదంతా అన్నాడు.

మీ పెద్ద పుస్తకంలో జాతిని కాపాడమని కూడా ఉంది, చంపేశాక దేన్ని బాగుచేస్తారని అడిగింది ఆమె. ఏ పుస్తకమని డాక్టరు తెల్లబోయాడు. మదనపల్లెలో విన్న వాక్యాన్ని ఆమె ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. డాక్టరు చదువుకున్నవాడు కాబట్టి చప్పున అందుకున్నాడు. అవి వట్టి ఆదేశిక సూత్రాలనీ, వాటిని పట్టుకుని ఏ కోర్టుకు పోయినా గెలవదనీ చెప్పాడు. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను కోర్టుకు యాల పోతానప్పా?" అంది వెంకటలక్ష్మమ్మ. గొంతు పెంచలేదు. "నాకెవురూ ఏమీ ఇయ్యాల్సిన పన్లేదు. మీరు సెయ్యాల్సిన పని మీరు సెయ్యకుండా ఉండారు, అది నేను సేస్తాండా. మీరే పోండి కోర్టుకు. రాజ్యాంగంలో ఏం రాసుండాదో అదే ఈ ముసిల్ది సేసింది, శిక్షెయ్యండని జడ్జితో సెప్పండి. నేనొచ్చి నిలబడతా."

డాక్టరు సర్పంచు వైపు చూశాడు. గంగులప్ప ఓబులప్ప వైపు తిరిగి, ఇల్లు నీ పేరు మీదే ఉంది కదా, మీ అమ్మను లేపు, లేదంటే నీ ఆవే కాదు, ఊరికి రావాల్సిన జెర్సీ ఆవులన్నీ పోతాయి అన్నాడు. అందరూ ఓబులప్ప మొహం చూశారు. అతను తల్లిని చూశాడు, పలుపు చుట్టుకుని కందిపోయిన ఆమె చేతిని చూశాడు. ఆవు మీద పెట్టుకున్న ఆశంతా అతని మొహంలోనే కనిపిస్తోంది.

"ఇల్లు నాదేలే మామా. పలుపు ఆమె సేతిలో ఉండాది. ఆమెనే అడుగు."

చెప్పి, పక్కకు పోయి అరుగు మీద కూలబడ్డాడు.

డాక్టరు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. సొంతదారు ఒప్పుకోలేదని పైకి రాయాల్సి ఉంటుందన్నాడు. జీపు మూతి మీద కాగితం పరిచి, పశువు ఎవరిదని గంగులప్పను అడిగాడు. అలవాటు కొద్దీ గంగులప్ప మునెప్ప పేరు చెప్పబోయాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి భూమీ, ఆ ఇంటి మందా, రేషన్‌కార్డూ అన్నీ ఆ పేరు మీదే నడిచాయి మరి.

"ఆయన పేరు రాయొద్దు" అని వెంకటలక్ష్మమ్మ గడపలోంచి లేచింది. ఆమె లేవగానే వెనక ఆంబోతూ కదిలింది. "ఆయన పేరు మీద దేవుడికి ఇచ్చేసింటిమి. తిరిగి తీసుకునింది నేను. పాపమైతే నాది, పశువూ నాదే. వెంకటలక్ష్మమ్మ అని రాయి."

డాక్టరు రాశాడు. చదివి వినిపించమంది. వినిపించాడు. గుంపులోని వాళ్లందరికీ వినపడేట్టు మళ్లీ ఒకసారి చదవమంది.