నీ కష్టం చూడలేక

ఆసుపత్రి మంచం దగ్గర కళావతి తడిగుడ్డతో కూతురు స్వీటీ మెడ మడతలు తుడుస్తుంటే, డాక్టర్ నిఖిలేష్ వచ్చి ఆమెను దాటుకుని ఆమె భర్త పురుషోత్తంతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తల్లి పక్కనే ఉంది, కానీ నిర్ణయాలు మగవాళ్లతో మాట్లాడాలి కదా. స్వీటీకి పంతొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుంచి కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట లేదు. ఇప్పుడు నిమోనియా. ఊపిరి ఇంకా తగ్గితే వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది ఈ పూటే తేలాలి.

"మేం పెట్టగలం. పెట్టి ఏం సాధిస్తాం చెప్పండి? ఇలాంటి పిల్లలకి క్వాలిటీ ఆఫ్ లైఫ్ ఏముంటుంది? వద్దనుకుంటే ఇద్దరూ ఈ కాగితం మీద సంతకం చేయండి" అని, అప్పుడు మాత్రం కళావతి వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "మీకూ రెస్టు దొరుకుతుందమ్మా. ఎన్నాళ్లని చేస్తారు?"

పురుషోత్తం బస్సు డిపోలో మెకానిక్. ఇంజిన్ చప్పుడు విని జబ్బేంటో చెప్పేస్తాడు. కూతురు ఎటు చూస్తే ఏం కావాలన్నట్టో మాత్రం పంతొమ్మిదేళ్లలో నేర్చుకోలేదు. గబగబా సంతకం చేసి పెన్ను భార్య చేతికిచ్చాడు.

"నీ కష్టం చూడలేకనే కళా" అన్నాడు.

కళావతికి నవ్వొచ్చినంత పనైంది. ఎప్పుడు చూశాడు గనక, చూడలేకపోవడానికి? అన్నం మెత్తగా పిసికి, ఒక్కో చెంచా నోట్లో పెట్టి, మింగేదాకా గొంతు నిమురుతూ తను కూర్చునే ముప్పావు గంటా అతను పక్కగదిలో టీవీ చూసేవాడు. "పొల్లకే పెడ్తవా, మాకేమన్న ఉన్నదా?" అని అత్త వరమ్మ గడపలో నిలబడి అడిగేది. బోనాలనాడు తాముండే ఛత్రినాక బస్తీ అంతా వీధుల్లోకి వస్తే, "నువ్వు పోరితోని ఇంట్లనే ఉండు, మంది చూస్తే ఏమనుకుంటరు" అనేది. సొంత చెల్లెలి పెళ్లికీ పోనివ్వలేదు. నడుం పట్టేసిందంటే, "జర జండూబాం రాస్కో" అని మొగుడు అనడంతో సరి. ఇన్నేళ్లూ ఒక్కరి కంటికీ ఆనని ఆ కష్టం, కాగితం వచ్చేసరికి అందరికీ కొండంత కనబడింది. తన చాకిరీని చూపించి తన బిడ్డ ఊపిరి ఆపుతారట. ఒళ్లు మండిపోయింది కళావతికి.

ఆ పిల్ల బతుకులో ఏముందని డాక్టరు నిజంగా అడగనే లేదు, స్కాన్ చూశాడంతే. అడిగితే చెప్పేది. బీరకాయ పెడితే పెదాలు బిగించేస్తుంది. డప్పు వినబడితే ఒళ్లంతా నవ్వుతుంది. తల్లి చాటుగా ఏడ్చినా పసిగట్టి మూలుగుతూ పిలుస్తుంది. ఆ ఇంట్లో కళావతి ఏడ్చిందని కనిపెట్టేది అదొక్కతే.

పక్క మంచం మీద డిగ్రీ చదివే అమ్మాయికీ నిమోనియానే. పొద్దున అడగ్గానే వెంటిలేటర్ పెట్టారు. ఆమె తల్లికి రెస్టు కావాలా అని ఎవరూ అడగలేదు.

"సంతకం పెట్టు కళా" అన్నాడు పురుషోత్తం. "సార్ చెప్పిండు గద. అమ్మ గూడ గదే అన్నది."

కళావతి పెన్నుకి మూత పెట్టి, కాగితంతో పాటు డాక్టరు చేతికి తిరిగి ఇచ్చేసింది.

"మిషన్ పెట్టుండ్రి సార్. పక్క బెడ్డుకు పెట్టినట్టే పెట్టుండ్రి" అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "నువ్వు డిపోకు ఫోన్ చేసి సెలవు చెప్పు. బిడ్డ లేచినంక బువ్వ ఎట్ల పెట్టాల్నో నేర్పిస్త. నాకు నడుం వంగుతలేదు."

పురుషోత్తం డాక్టరు వంక చూశాడు. డాక్టరు ఓపిగ్గా తల ఊపాడు.

"మీరు బాగా అలిసిపోయి ఉన్నారమ్మా. కాసేపు కూర్చుని ఆలోచించండి."

"అలిసిపోయిన సార్, అబద్దమెందుకు" అంది కళావతి. "అలిసింది నేను. మరి సావు నా బిడ్డకెందుకు రాస్తుండ్రు?"