మూడు కప్పుల పాఠం

మా ఇంట్లో ముక్కు మీద కోపం నాకుంటే, ముక్కు మీద జీతం మా అత్తగారికి ఉండేది. కాఫీ గింజలు వేయించి అమ్మే కంపెనీలో ఆవిడది ఇరవై ఎనిమిదేళ్లుగా రుచి చూసే ఉద్యోగం. వచ్చిన సరుకులోంచి పిడికెడు గింజలు తీసి, వేయించి, పొడి చేసి, వేడినీళ్లు పోసి, చెంచాతో జుర్రి, ఉమ్మేసి, ఇది ఫలానా రకం, ఫలానా వాసన అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే బస్తా కదిలేది. చిన్నప్పుడు నేనలా జుర్రితే మా అమ్మ నా వీపు విమానం మోత మోగించేది. ఈవిడ చేత మాత్రం జీతమిచ్చి మరీ జుర్రించారు.

నేను టీ మనిషిని. అలాంటి నాకు, చంటిపిల్లాడిని చంకనేసుకుని ఉండగా, కాఫీ పాఠాలు మొదలయ్యాయి. మా బుడ్డోడు పుట్టిన వారమే అత్తగారికి గట్టి జ్వరం తగిలింది. వాడికి అంటుకుంటుందేమోనని మూడు వారాలు వేరే గదిలో ఉన్నారు. తగ్గి మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టాక, రోజూ సాయంత్రం సంచిలో మూడు పొట్లాలు తెచ్చి, మూడు కప్పుల్లో కలిపి నా ముందు పెట్టేవారు.

మొదటి రోజు నా అరచేతిలో రెండు గింజలు పెట్టారు. "ఇది అరబికా. పొడుగ్గా, కాస్త చదునుగా ఉంది చూడు. మధ్యలో గీత వంకర తిరిగింది. ఇదేమో రోబస్టా. గుండ్రంగా ఉంది, గీత తిన్నగా ఉంది."

"తిన్నగా ఉన్నదే మంచిదేమో కదా అత్తయ్యా?"

"గింజకీ మనిషికీ ఒకటే లెక్కా? రుచి చూసి చెప్పు. మింగకు, పాలిచ్చే తల్లివి. ఉమ్మెయ్."

రోబస్టా నోట్లో పడగానే చేదుకి నా మొహం ముడుచుకుపోయింది. "మీ మామగారి టైపు అది. మనిషి కంటే ముందు గొంతు వచ్చేస్తుంది" అన్నారావిడ. "నన్నేనా?" అని పక్క గదిలోంచి ఆ గొంతు రానే వచ్చింది.

అరబికా అలా మీద పడలేదు. ముందు సన్నటి పులుపు, వెనకాల తీపి, ఆ తర్వాత ఏదో వాసన.

"చల్లటి ఎత్తు ప్రాంతాల్లో పెరుగుతుందే అమ్మాయ్. కాయకి తొందరుండదు, నిదానంగా పండుతుంది. తీపి ఎక్కువ, కెఫీన్ సగమే. చీడ పట్టిందంటే తట్టుకోలేదు, ఎండ ముదిరితే వాడిపోతుంది. పెంచేవాళ్ల ప్రాణం తోడేస్తుంది. అయినా ఎందుకు పెంచుతారంటే ఈ వాసన కోసం. ఏం వాసనొస్తోందో చెప్పు."

"నాకేం తెలుసు?"

"నీకు తెలిసిన వస్తువు పేరే చెప్పు."

"నిమ్మతొక్క" అన్నాను. ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. మర్నాడు తెచ్చిన ఒకదానికి మల్లెపూలన్నాను, ఇంకోదానికి తడిసిన అట్టపెట్టె అన్నాను. అదీ రాసుకున్నారు.

నిద్రలేక కళ్లు మండుతుంటే ఈ పరీక్షలు చూసి ఒళ్లు కూడా మండేది. మా ఆయనతో అంటే, "అమ్మ నీకు విద్య నేర్పుతోంది, అదృష్టం" అన్నారు. అంత అదృష్టమైతే తమరే నేర్చుకోవచ్చుగా అన్నాను. వెంటనే గురక నటించారు. ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చేది కానీ, రెండు నెలలు తిరిగేసరికి ఆ మూడు కప్పుల కోసం నేనే ఎదురుచూడసాగాను.

ఒక సాయంత్రం ఉతికిన బట్టలు తీసుకుని హాల్లోకి వస్తూ గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాను. బుడ్డోడు ఘనకార్యం చేశాడు. మామగారు అప్పటికే పేపరుతో సహా బయటికి పారిపోయారు. వాడు మాత్రం అత్తగారి ఒళ్లోనే ఉన్నాడు, ఆవిడ హాయిగా వాడితో కబుర్లాడుతున్నారు. కడగాల్సి వస్తుందని తెలియనట్టు నటిస్తున్నారనుకుని నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, ఆ వాసన భరిస్తూ ఎలా కూర్చున్నారు?"

"ఏ వాసన?" అన్నారు.

ఆ మాట అన్నాక ఆవిడే ఉలిక్కిపడి ఒళ్లోకి చూసుకున్నారు. చీర మీద మరక. తేలు కుట్టిన దొంగలా వాడిని నాకు అందించారు. నేను పిల్లాడిని కడిగి, పొడిబట్ట కట్టి వచ్చాక నెమ్మదిగా అన్నారు.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నాకు వాసనే తెలియట్లేదే. డాక్టరు రావచ్చంటాడు, రాకపోవచ్చంటాడు. నాలుక బాగానే ఉంది. చేదు పెరిగితే రోబస్టా కలిసిందని చెప్పగలను. కానీ ఒక అరబికాకీ ఇంకో అరబికాకీ తేడా ముక్కే చెప్పాలి."

"అంటే ఇన్నాళ్లూ నేను చెప్పినవి రాసి సంతకాలు పెడుతున్నారా? టీ తాగే మొహాన్ని నేను!"

"నీ ముక్కు మంచిది" అన్నారు తల దించుకుని.

ఆ దించిన తల చూడగానే నా కోపం దిగిపోయింది. ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పే మనిషి, ఇన్నాళ్లూ ఉద్యోగం పోతుందని ఒంటరిగా భయపడుతూ గడిపారు. ఆవిడ తన భయం చెప్పుకోలేని కోడలినయ్యానని సిగ్గేసింది. "పోనీలెండి, ఇలాగే చెబుతూ ఉంటాను. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఏడాదంతా ఆ చెట్లని సాకినవాళ్లు నా మాట కోసం చూస్తారమ్మాయ్. వాళ్లని మోసం చేస్తున్నాననే నాకు నిద్ర పట్టట్లేదు. రేపు యజమానికి చెప్పేస్తాను."

మర్నాడు చెప్పేశారు. మధ్యాహ్నానికే ఇంటికొచ్చారు.

"రుచి బల్ల వేరేవాళ్లకిచ్చారు. నన్ను పచ్చి గింజలు ఏరే చోట వేశారు. కళ్లూ చేతులూ ఉన్నాయిగా" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని, బుడ్డోడిని ఒళ్లోకి తీసుకున్నారు.

"నీ ముక్కుతో ఇంకొక్క పని చేసిపెడతావా?"

"చెప్పండత్తయ్యా."

"వీడి వాసన ఎలా ఉంటుందే? జ్వరం తగ్గి నేను వీణ్ణి ఎత్తుకునేసరికే..."

నేను వంగి వాడి తల మీద ముక్కు ఆనించాను. "ముందు పాలు. గోరువెచ్చటి పాలు. తర్వాత ఎండలో ఆరిన నూలుగుడ్డ. చెవి వెనక కాస్త పులుపు, మాగిన పండులా."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "ఇంకా?"

"చివర్లో తీపి. చాలాసేపు పోదు."

"ఇంకా చెప్పు."

నేను చెబుతూనే ఉన్నాను. నాకు తెలిసిన వస్తువుల పేర్లన్నీ అయిపోయాక కూడా ఆవిడ కళ్లు తెరవలేదు. "ఊఁ" కొడుతూనే ఉన్నారు.