మొదటి మాటకే ఒప్పుకున్న రిజిస్ట్రార్

మంజూరైందన్న కబురు వచ్చేసరికి కిరణ్మయి చేతుల నిండా శనగపిండి. మిరపకాయ బజ్జీలు వేద్దామని అప్పుడే కలుపుతోంది. మోగుతున్న ఫోన్ని భర్త ఉమామహేశ్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోకుండా రెండో చేత్తో ఆమె ముక్కుకంటిన పిండి తుడవబోయి ఇంకాస్త పులిమాడు. పెళ్లయి నెలన్నర. ఒకరు చేసే పనిని ఇద్దరు కలిసి చేసి, రెండింతల ఆలస్యంగా ముగించుకుని మురిసిపోయే రోజులు.

అవతల మాట్లాడుతున్నది విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేసే సుమన్. “మీ అర్జీ మంజూరైంది మేడమ్. రిజిస్ట్రార్ సాబ్ సంతకం పెట్టేశారు. మంగళవారం నుంచి లైబ్రరీ మీరడిగిన టైముకే తెరుస్తాం.”

కిరణ్మయి ఎగిరి గంతేసింది. పిండి వెళ్లి గోడకు అతుక్కుంది. అత్త కమలాకుమారి పరుగున వచ్చి కోడలి నోట్లో గుప్పెడు చక్కెర పోసింది. ఇంటి ముందుభాగంలోని కిరాణా దుకాణంలో కందిపప్పు తూస్తున్న మామ శేషగిరిరావు, కొనేవాళ్లను నిలబెట్టి లోపలికొచ్చాడు.

“నేను చెప్పలే? బేరం నేర్పింది ఎవరనుకున్నరు?” అంటూ మీసం దువ్వాడు.

“ఇంతకీ ఎన్నింటికి తెరుస్తరంట?” అడిగాడు ఉమామహేశ్.

“ఐదింటికి” అంది కిరణ్మయి, చక్కెర ఒక బుగ్గలోకి తోసి.

“ఏ ఐదు?”

“పొద్దున ఐదు.”

కమలాకుమారి చక్కెర డబ్బా మూత పెట్టేసి, గోడ మీది పిండి గీకడం మొదలుపెట్టింది.

కిరణ్మయి పుట్టింటివాళ్లు కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో ఉంటారు. అత్తింటివాళ్లు భోపాల్‌పట్నం నుంచి బస్తర్‌లోని జగదల్‌పూర్ వచ్చి దుకాణం పెట్టుకున్న వర్తకులు. ఆమె ఊరి చివరి విశ్వవిద్యాలయం దండకారణ్య విద్యాపీఠంలో ఎమ్మే చరిత్ర చదువుతోంది. ఈ ఏడాది మార్కులు చూసి ఆమెను విద్యార్థి సంఘానికి విద్యా వ్యవహారాల కార్యదర్శిగా వేశారు. సరిగ్గా పెళ్లి కుదిరిన వారంలోనే పదవి వచ్చింది. అత్తగారు శుభలేఖలో పెళ్లికూతురి పేరు పక్కన ఆ పదవి కూడా అచ్చు వేయించింది. తర్లగూడ నుంచి వచ్చిన చుట్టాలు కొందరు అమ్మాయి కలెక్టరాఫీసులో పనిచేస్తుందనుకుని అక్షింతలు మరింత భక్తిగా వేశారు.

పదవి వచ్చాక ఆమె దగ్గరకు వచ్చిన మొదటి ఫిర్యాదు గంగేది. గంగే దంతెవాడ వైపు నుంచి మొదటి బస్సులో వచ్చే క్లాస్‌మేట్. అలా వచ్చేవాళ్లు ఒక బస్సెడు మంది ఉన్నారు. బస్సు ఏడున్నరకల్లా బస్టాండులో దింపేస్తుంది. లైబ్రరీ తెరిచేది పదిన్నరకు, క్లాసులు మొదలయ్యేదీ అప్పుడే. సాయంత్రం క్లాసు అయ్యేసరికి తిరుగు బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. రిఫరెన్సు పుస్తకాలేమో హాల్లో కూర్చుని చదవాల్సిందే, బయటికి ఇవ్వరు. అవి చూడకుండా సెమినార్ వ్యాసం రాస్తే మార్కులు పడవు. అందుకే గంగే రోజూ రెండు గంటలకు పైగా లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, ఉన్న నోట్సే అక్కడి కుక్కకు పైకి చదివి వినిపించేది. బస్తర్ భూమిశిస్తు చరిత్ర సగం ఆ కుక్కకు వచ్చేసి ఉంటుంది.

వాళ్లకు కావలసింది ఎనిమిది గంటలు, అంతే. కానీ అర్జీ రాసే ముందు కిరణ్మయి ఆ మాట మామగారి దగ్గర అంది.

“ఎనిమిది కావాల్నంటే ఎనిమిది అడుగుతరా ఎవరన్నా?” అని ఆయన నోరు తెరిచాడు. “ఐదు అడుగు బిడ్డా. ఆయన పది అంటడు. నువ్వు ఆరంటవ్, ఆయన తొమ్మిదంటడు. ఆఖరుకు ఎనిమిది కాడ తెగుతది.”

దుకాణంలోనే రిహార్సల్ కూడా జరిగింది. ఉమామహేశ్ నాన్న కళ్లజోడు పెట్టుకుని బియ్యం బస్తాల మీద రిజిస్ట్రార్‌గా కూర్చున్నాడు. కిరణ్మయి గాజులు సవరించుకుని “సార్, ఐదు గంటలకు” అనగానే అతను ఆమె వైపు మైమరచి చూసి “సరే” అన్నాడు. మళ్లీ చేయించారు. మళ్లీ “సరే” అన్నాడు.

“ఒప్పుకుంటవేందిరా!” అని శేషగిరిరావు కసురుకున్నాడు. “ఆ రిజిస్ట్రారు నీ లెక్క కొత్త పెండ్లికొడుకు గాదు!”

ఇప్పుడు ఆ రిజిస్ట్రారూ అదే పని చేశాడు.

“ఎంతకు దిగమన్నడు?” శేషగిరిరావు మెల్లగా అడిగాడు.

“దిగమనలేదు మామయ్యగారూ. ఒప్పేసుకున్నారు.”

“మొదటి మాటకే?” ఆయన అక్కడే ఉన్న ఉల్లిగడ్డ బస్తా మీద కూలబడ్డాడు. “మొదటి మాటకే ఒప్పుకున్నడంటే మనం మునిగినట్టే. ఏదో మతలబు ఉంది.”

మతలబును సుమన్ మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. రిజిస్ట్రార్ షరతు ఒకటుంది: మొదటి రోజు తెరిచేసరికే హాలు నిండా చదువుకునేవాళ్లు కనిపించాలి. లేకపోతే పాత టైమే ఉంటుంది, ఈ ఏడాది ఇక ఆ ఊసు ఎత్తకూడదు. “నేను మూడున్నరకే లేవాలి మేడమ్. మా ఆవిడ మీ నంబరు అడుగుతోంది. ఇవ్వమంటారా?” అని కూడా అన్నాడు.

ఆ వెంటనే గంగే ఫోన్. “దీదీ, ఐదింటికా? అప్పటికి మా బస్సు డ్రైవరే లేవడు! ఇక మాకు ఆ పుస్తకాలు లేనట్టేనా?”

కిరణ్మయికి ఏడుపొచ్చింది. మూకుడులో వేసిన బజ్జీలు మాడిపోయాయి. ఉమామహేశ్ ఒక మాడిన బజ్జీ తిని బాగుందన్నాడు. అప్పుడు నిజంగానే ఏడ్చింది.

“సోమవారం వెళ్లి టైము మార్చమని అడుగుతా” అంది ముక్కు తుడుచుకుంటూ.

“ఒప్పుకున్న బేరం వెనక్కి తిప్పుడా! మా తాతల కాలం నుంచి మా ఇంట్ల ఎవ్వరూ జెయ్యలే” అన్నాడు శేషగిరిరావు.

అంతవరకు గోడ మీది పిండి గీకుతున్న కమలాకుమారి చేయి ఆపింది. “మీ మగోళ్లకు తెల్వదు. చీరల దుకాణంల నేనేం జేస్త? నచ్చని ముదురురంగు చీర చూపెడితె, అబ్బ ఎంత బాగుంది, ఇంకా ముదురుది తియ్యుమంట. వాడే విసిగి, అమ్మా వద్దు, లేతది జూడుండ్రి అంటడు. నువ్వు పోయి నాలుగింటికి అడుగు తల్లీ. ఆయనే బెదిరి ఎనిమిదికి వస్తడు.”

కిరణ్మయికి అది అద్భుతమైన ఆలోచనగా తోచింది. అత్తగారిని కావలించుకుంది. ఇద్దరికీ పిండి అంటింది.

సోమవారం ఉదయం ఆమె రిజిస్ట్రార్ పాణిగ్రాహి గారి గదిలో నిలబడింది. ఆయన సన్నగా, ప్రశాంతంగా, ఇస్త్రీ చేసిన రుమాలులా ఉంటారు. బయట వరండాలో గంగే, స్కూటరు తాళం తిప్పుకుంటూ ఉమామహేశ్, కిటికీలోంచి తొంగిచూస్తున్నారు.

“ధన్యవాదాలు సార్. విద్యార్థులందరూ ఉప్పొంగిపోతున్నారు. అయితే ఐదు మరీ ఆలస్యమట సార్. నాలుగింటికి తెరిపిస్తే...” అంది కిరణ్మయి.

పాణిగ్రాహి గారు కలం అందుకున్నారు. “నాలుగా? సరే.”

కిటికీ అవతల ఉమామహేశ్ నెత్తి కొట్టుకున్నాడు.

“సార్!” కిరణ్మయి గొంతు పైకి లేచింది. “మీరిలా ఒప్పుకుంటే ఎలా సార్? బేరమన్నాక ఒప్పుకోకూడదు కదా! కాదనాలి, కోప్పడాలి, లేచి వెళ్లిపొమ్మనాలి!”

“బేరమా?” అన్నారాయన, కలం పక్కన పెట్టి.

ఇక దాచుకోవడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. మామగారు, అత్తగారు, చీరల దుకాణం, ఐదు, నాలుగు అన్నీ చెప్పేసింది. ఆ తర్వాత ఊపిరి తీసుకుని, గంగేను లోపలికి పిలిచి, దంతెవాడ బస్సు సంగతి, సెమినార్ సంగతి, బయటికి ఇవ్వని పుస్తకాల సంగతి చెప్పింది. మెట్ల మీది కుక్క సంగతి మాత్రం గంగే తనే చెప్పింది.

“పాపం, అది శ్రద్ధగా వింటుంది సార్. కానీ అనుమానాలు తీర్చదు.”

పాణిగ్రాహి గారు ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వుతున్నారని అర్థం కావడానికి కాసేపు పట్టింది, ఆ గదిలో ఎవరూ అలాంటిది చూసి ఉండరు.

“నేనూ ముప్పై ఏళ్లుగా ఆదివారం సంతకు వెళ్తున్నానమ్మా” అన్నారు. “ఎవరైనా పొద్దున ఐదు అడిగితే అది బేరం కోసం చెప్పే పైమాటేనని తెలియదా? వెంటనే సరే అంటే కంగారుపడి తొమ్మిదికి దిగివస్తావనుకున్నా. నువ్వేమో నాలుగుకు ఎక్కావు. నాలుగింటికి సుమన్ ముఖం చూడాలని నాకు మాత్రం ఉంటుందా?”

“అయితే ఎంత సార్?”

“ఎనిమిది.”

కావలసింది అదే. కానీ మూడు రోజులు దుకాణంలో తీసుకున్న శిక్షణ ఊరికే పోతుందా? కిరణ్మయి నోరు దానంతటదే “ఏడున్నర” అనేసింది.

“ఎనిమిదింబావు” అన్నారు పాణిగ్రాహి గారు, కళ్లు మెరుస్తుండగా.

“దీదీ!” అని గంగే ఆమె చేయి గిల్లింది.

“ఎనిమిది సార్! ఎనిమిదే! ఖాయం!”

“ఖాయం. కానీ నా షరతు షరతే. రేపు ఎనిమిదికి నేనే వచ్చి చూస్తా. హాలు నిండితే ఏడాదంతా తెరుస్తాం. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే మళ్లీ పదిన్నరే.”

ఇంటికొచ్చాక ఈ కథంతా ఆమె ఒకసారి, ఉమామహేశ్ ఒకసారి, ఇద్దరూ కలిసి ఒకరి మాట మీద ఒకరు పడుతూ ఇంకోసారి చెప్పారు. శేషగిరిరావు బేరం జరిగిన ఘట్టం దగ్గర ఆపి, “ఎనిమిదింబావు అన్నడా? మంచి వ్యాపారస్తుడు” అని మెచ్చుకున్నాడు.

“అదంతా సరే గాని, హాలు నిండకపోతే?” అంది కమలాకుమారి.

అప్పుడు కిరణ్మయి ముఖంలో నవ్వు తగ్గింది. బస్సు దిగేది ఏడున్నరకే అయినా, బస్టాండు నుంచి విద్యాపీఠం దూరం. ఆటోలకు డబ్బులు పెట్టలేక సగం మంది నడిచి వస్తారు. నడిచేవాళ్లు ఎనిమిదికి చేరరు. ఇన్నాళ్లూ తొందర లేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

శేషగిరిరావు దుకాణం ముందు నిలబెట్టిన సరుకుల ఆటో వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. “ఉల్లిగడ్డ బస్తాలు దింపురా” అన్నాడు.

కిరణ్మయి స్టూలెక్కింది, అవసరం లేకపోయినా. ఒక చేత్తో ఉమామహేశ్ భుజం పట్టుకుని, ఫోన్‌లో విద్యార్థి సంఘం గ్రూపుకు వినిపించేలా గట్టిగా ప్రకటించింది:

“అందరూ వినండి! రేపు పొద్దున ఏడుంబావుకే మా ఆటో బస్టాండులో ఉంటుంది. మా ఆయన నడుపుతారు, మా మామయ్యగారు మిమ్మల్ని ఎక్కిస్తారు. జగదల్‌పూర్‌లోనే ఉండేవాళ్లు దుప్పట్లు తన్నేసి నేరుగా లైబ్రరీకి రండి, తలుపు దగ్గర నేనుంటాను. ఎనిమిదయ్యేసరికి ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదు!”