అమ్మ కుండలో బూడిద

మా ఆయన ప్రసన్నకుమార్ గారు డిపోలో గుమాస్తాగా రిటైరయ్యాక ఫోన్లో వీడియోలు చూసి మొక్కల డాక్టరయ్యారు. నల్లపాడులో మా ఇల్లు చిన్నదే కానీ పెరడు కాస్త పెద్దది. అందులో ఏ ఆకు పండినా ఆయనకు తెలిసిన మందు ఒకటే, కట్టెల బూడిద.

"పొటాష్, రెబ్కా! పైసా ఖర్చు లేకుండా మన పొయ్యిలో తయారవుద్ది" అంటారు.

పెరట్లో పొయ్యి మీద పత్తికట్టెతో నీళ్లు కాచుకుంటాం. ఆ బూడిదను జల్లెడ పట్టి, డబ్బాకెత్తి, వాన చుక్క పడకుండా మూత పెట్టుకుంటారు. నా నగలకు కూడా ఇంత జాగ్రత్త ఎరగను.

బూడిద మంచిదే, కాదన్నదెవరు? మా అమ్మా వేసేది. మూడు వేళ్లకు వచ్చినంత తీసుకుని, మొదలుకు జానెడు దూరంలో చల్లేది. ఈయన చేటతో పోస్తారు.

మా అమ్మది పర్చూరు దగ్గర పల్లె. ఆమె పెరట్లో ముళ్ల వంగ ఉండేది. తొడిమ పట్టుకుంటే వేలు గుచ్చుకునేది, కూర మాత్రం వెన్నే. పండిన కాయల గింజల్ని బూడిదలో పిసికి, ఎండబెట్టి, ఆ బూడిదతోనే చిన్న కుండలో దాచేది. అలా దాస్తే పురుగు పట్టదు. ఈ ఏడు ఈస్టర్‌కు ముందు అమ్మ పోయింది. ఆ కుండ ఒక్కటే నేను అడిగి తెచ్చుకున్నాను. తమ్ముడు ఆ పెరడు కూడా దున్నించి మిరపలో కలిపేశాడు కాబట్టి ఆ విత్తనం ఇక నా దగ్గర తప్ప ఎక్కడా లేదు.

వేసవిలో పక్కింటి షమీమ్ అడిగింది, "నాకూ ఓ పది గింజలివ్వండక్కా" అని. "వానలు పడనీ, చూద్దాంలే" అని తప్పించుకున్నాను. తరిగిపోతాయని భయం. నిజం చెప్పాలంటే భయం కాదు, పిసినారితనం.

జులైలో నాలుగు వానలు పడ్డాయి. నారు పోద్దామని వంటింటి అలమర తెరిస్తే కుండ బోర్లించి ఉంది, శుభ్రంగా కడిగి మరీ.

"ఇందులో బూడిద ఏదండీ?"

"కరివేపాకుకి పోశా. డబ్బాలోది అయిపోయింది. పాత బూడిద, భలే మెత్తగా ఉంది! షమీమ్ చేపల దాక తోముకోవడానికి అడిగితే గుప్పెడు ఇచ్చా కూడా."

వంగ గింజ నువ్వు గింజంత కూడా ఉండదు. బూడిద పట్టిన గింజ ఆయన కళ్లద్దాలకు ఏం ఆనుతుంది? అదంతా తర్వాత తోచింది. అప్పుడు మాత్రం వీధి చివరి దాకా వినిపించేలా అరిచాను. ఆ తర్వాత మాట్లాడ్డం మానేశాను.

వానకు తడిసిన ఆ బూడిద కరివేపాకు మొదట్లో సిమెంటులా గట్టిపడింది. ఆయన గొంతుక్కూర్చుని దాన్ని వేళ్లతో చిదిపి, మట్టిలో కలిపి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించారు. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే కదా అనుకున్నాను కసిగా. మూడు వారాలైనా ఒక్క మొలకా లేదు. కరివేపాకు కూడా పసుపెక్కింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇప్పుడు ఆ ముళ్ల వంకాయ ఎవరేస్తున్నారక్కా? ఊరంతా మిరపే" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని, "తిట్టు రెబ్కా. మాట్లాడకుండా మాత్రం ఉండబాక" అన్నారు. తిడదామనే నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. అమ్మ చేతిది ఇక నాకేమీ మిగల్లేదు.

ఇంకో వారానికి షమీమ్ గోడ మీదుగా పిలిచింది.

"అక్కా, మా అంట్లు తోముకునే బండ పక్కన ఏవో ముళ్ల మొక్కలు లేచాయి. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి, పీకేద్దామనుకుంటున్నా. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

వెళ్లాను. ఆకు మధ్య ఈనె ఊదారంగులో ఉంది, దాని మీద చిన్న చిన్న ముళ్లు. ఆ తడి నేల మీదే చతికిలబడిపోయాను. దాక తోమి పారబోసిన నీళ్లతో కాలవపాలైందనుకున్న ఆ గుప్పెడు బూడిద అక్కడంతా పల్చగా పరుచుకుంది. లెక్కపెడితే పదకొండు మొక్కలు.

"ఇవి మా అమ్మవి షమీమ్" అన్నాను.

"అయ్యో, ముందే చెప్పొద్దా? అన్నీ తీసుకెళ్లండక్కా, నాకెందుకు?" అని గునపం కోసం లోపలికి పరిగెత్తింది.

పది గింజలకు చేతులు రాని నాకు పదకొండు మొక్కలూ ఇచ్చేస్తోంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఐదు మాత్రం తవ్వుకుని, ఆరు అక్కడే ఉంచేశాను.

మా పెరట్లో నాటింది మా ఆయనే. నాటి, డబ్బా మూత తీసి, చేట పక్కన పెట్టి, మూడు వేళ్లతో చిటికెడు బూడిద ఎత్తి నా వైపు చూపించారు.

"ఇంతేనా?"

"అంతే. జానెడు దూరంలో" అన్నాను. నెల తర్వాత నేను ఆయనతో ఆడిన మొదటి మాట అది.

అక్టోబరులో మొదటి కాయలు షమీమ్ వాళ్ల మొక్కలకే వచ్చాయి. అంట్ల నీళ్ల బలం మరి. గిన్నెలో కూర పెట్టి గోడ మీదుగా అందించింది. వంటింట్లో నిలబడే తిన్నాను. అచ్చం అమ్మ పెరటి రుచే. కళ్లు తుడుచుకుంటూ ఖాళీ గిన్నె కడిగి ఇవ్వబోతే షమీమ్ నవ్వుతూ అంది:

"రెండు కాయలు విత్తనానికని చెట్టునే వదిలేశానక్కా. పండనీండి, మీకూ ఓ పది గింజలిస్తా."