వంగి దండం పెట్టే బండి

డాక్టరమ్మ పాత జీపుకు తలుపులు రెండు. ఒకటి తాడుతో కట్టి ఉండేది. రెండోది కట్టినా నిలవదని తేలాక వెనకసీట్లో పడుకుని ప్రయాణం చేసేది. కాళ్ళ దగ్గర రేకుకు అరచెయ్యంత కన్నం ఉండేది. అందులోంచి కిందనున్న దారి కనిపించేది కాబట్టి, ఎక్కడిదాకా వచ్చామో తెలుసుకోవడానికి తల ఎత్తే పని కూడా ఉండేది కాదు. పశువుల వైద్యం చేసే మనిషికి ఇంతకన్నా మంచి బండి ఉండదని ఆమె నమ్మకం. సాయంత్రం గొట్టంతో నీళ్ళు కొడితే పేడా, గడ్డీ, బురదా అన్నీ ఆ కన్నంలోంచే వెళ్ళిపోయేవి.

ఆ జీపు వల్ల ఒక్క నడుముకే నష్టం. ఒకరోజు ఆమె ఇంటికొచ్చి, గోడ పట్టుకుని, "అమ్మా" అంటూ కూర్చోవడం భర్త చూశాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళని నోరు తెరవమనడమే తప్ప తను తెరిచే రకం కాదు. ఏమీ అనకుండా మర్నాడు జీపు తీసుకెళ్ళి షోరూంలో ఇచ్చేసి, కొత్త బండితో తిరిగొచ్చాడు.

"ఇది కూడా అడవి బండేనోయ్. కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది. దీంతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది," అన్నాడు.

బండి ఏనుగంత ఉంది. తలుపు తీయగానే నాలుగు చక్రాల మీదా మెల్లగా కిందికి వంగింది, ఎక్కేవాళ్ళు కాలు ఎత్తి శ్రమ పడకూడదని. లోపల పాలమీగడ రంగు తివాచీ, అదే రంగు తోలు సీట్లు. వెనక ఎడమవైపు సీటు వీపు రుద్దుతుంది. వేడెక్కమంటే వేడెక్కుతుంది. ఇవికాక బండికి నోరు కూడా ఉంది. తేనెలో ముంచి తీసినట్టుండే ఆడగొంతుతో, "స్వాగతం. ఈ రోజు మీ మనసెలా ఉంది?" అని అడిగింది.

"నా మనసు సంగతి పాతికేళ్ళలో మీ నాన్న కూడా అడగలేదురా," అంది అత్తగారు కొడుకుతో. ఆ క్షణం నుంచీ ఆ బండి ఆవిడ పుట్టింటి మనిషైపోయింది.

ఆ తరవాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. తివాచీ మాసిపోతుందని మొదట చెప్పులు బయట విడవడం మొదలైంది. విడిచిన కాళ్ళకు మట్టి ఉంటుంది కాబట్టి కడుక్కుని ఎక్కడం వచ్చింది. అందుకని షెడ్డు గుమ్మంలో బకెట్టు, చెంబు, తుండుగుడ్డ వెలిశాయి. ఎండకు తోలు పాలిపోతుందని అత్తగారు కిటికీలకు పరదాలు కుట్టించి, వాటిని పక్కకు లాగి కట్టడానికి కుచ్చులున్న మెత్తటి నూలు తాళ్ళు తనే అల్లింది. పళ్ళ డాక్టరు ఆదివారం పూట స్టూలు వేసుకుని, మెత్తటి పళ్ళ బ్రష్షుతో టైర్ల గాడులు తోమేవాడు, గుండ్రంగా, చిగుళ్ళు నొవ్వకుండా. రోజూ మధ్యాహ్నం అత్తగారు వెనకసీట్లో చేరి వీపు రుద్దించుకునేది. ఆవిడ వంతు అయ్యాక పక్కింటి పిన్నిగారి వంతు.

డాక్టరమ్మ మందుల సంచి సంగతి వేరే చెప్పాలా? దానికి పశువుల వాసన. దానికీ, ఆమె రబ్బరు బూట్లకూ వసారా గట్టు మీదే నివాసం.

"అత్తయ్యా, ఇది నా పని కోసం కొన్న బండి," అంది ఆమె ఒకసారి.

"కాదన్నానా అమ్మాయ్? వానాకాలం వెళ్ళనీ. దారులు శుభ్రపడ్డాక తీసుకెళ్ళు."

పశువులు దారులు శుభ్రపడేదాకా జబ్బు పడకుండా ఉండవు. డాక్టరమ్మ కాంపౌండరు స్కూటరు వెనక కూర్చుని తిరిగేది. కొండ మీది ఇళ్ళకు మాత్రం అది ఎక్కేది కాదు. దారిలో షోరూం అద్దాల వెనక ఆమె పాత జీపు కనిపించేది. దాన్ని తోమి, రంగులేసి, ఒక కృత్రిమ బండరాయి మీదికి ఎక్కించి, పైన దీపం పెట్టారు. కన్నం అలాగే ఉంది. చక్రాలకూ బానెట్టుకూ గోధుమరంగు పెయింటుతో బురద మరకలు వేయించారు. నిజం బురద ఎక్కిన రోజుల్లో దాని మొహం చూసినవాడు లేడు.

ఒక ఆదివారం, ముసురు పట్టి ఉండగా, ఫోను మోగింది. కొండ మీద ఒక్క ఆవును పెట్టుకుని బతికే పెద్దాయన.

"డాక్టరమ్మా, మా తొలిచూలుది పొద్దుట్నుంచీ నొప్పులు పడుతోంది. ఒక కాలు బయటికొచ్చింది. రెండోది రాలేదు. లేవట్లేదమ్మా, తల నేలకేసి పడుకుంది."

"లాగకండి, ఎవర్నీ లాగనివ్వకండి. వస్తున్నాను," అంది డాక్టరమ్మ. ఆలస్యమైతే దూడ పోతుంది, దూడతో పాటు తల్లీ పోతుంది. ఆ ఇంట్లో ఇంకో ఆవు లేదు.

స్కూటరు ఆ వానలో వాగు దాటదు. ఆమె నేరుగా షెడ్డుకు వెళ్ళింది. పళ్ళ డాక్టరు బ్రష్షుతో మూడో టైరు మీదున్నాడు. భార్య మొహం చూసి లేచి తాళం చేతిలో పెట్టాడు.

"అత్తయ్యా, దిగండి. కొండ మీదికి వెళ్ళాలి."

"ఇప్పుడే మొదలైందమ్మాయ్. మర్దన మధ్యలో ఆపితే నరాలు పట్టేస్తాయట. పుస్తకంలో ఉంది," అంది అత్తగారు కళ్ళు తెరవకుండా.

"అయితే పట్టుకుని కూర్చోండి," అని డాక్టరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. పళ్ళ డాక్టరు పక్కన ఎక్కాడు.

ఊరు దాటి మట్టిదారి ఎక్కగానే బండి గొంతు సవరించుకుంది. "ముందున్న దారి మీ స్థాయికి తగినది కాదు. దగ్గరలో మంచి కాఫీ దుకాణం ఉంది. అటు తిప్పమంటారా?"

"నిజమే, వేడిగా కాఫీ..." అంది వెనకనుంచి అత్తగారు.

డాక్టరమ్మ తిన్నగా పోనిచ్చింది. గుంటల్లో బండి ఊయలలా ఊగింది తప్ప ఎక్కడా మొరాయించలేదు. పుస్తకంలో రాసింది అబద్ధం కాదని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. వాగు మధ్యకు వచ్చేసరికి నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. అక్కడ ఆమె ఒక్క క్షణం బండి ఆపింది.

"లోతెంతుందో చూస్తానుండు," అని పళ్ళ డాక్టరు తలుపు తీశాడు.

తలుపు తీశారంటే ఎవరో దిగుతున్నారని అర్థం. పెద్దమనిషి దిగుతుంటే నిలబడి చూడటం ఆ బండికి తెలియదు. నాలుగు చక్రాల మీదా మెల్లగా, మర్యాదగా, వాగులోకి వంగింది. తెరిచిన తలుపులోంచి వాగు కూడా అంతే మర్యాదగా లోపలికొచ్చింది. ఎండుటాకులు, పుల్లలు, ఒక చిన్న కప్ప పాలమీగడ తివాచీ మీద సర్దుకున్నాయి.

"మూసెయ్యండి," అంది డాక్టరమ్మ. ఆయన మూశాడు. బండి మళ్ళీ లేచి నిలబడింది. అందరూ అత్తగారి వైపు చూశారు, కప్పతో సహా.

ఆవిడ తివాచీని చూసింది. చీర కుచ్చెళ్ళు పైకి లాక్కుని రెండు కాళ్ళూ సీటు మీద పెట్టుకుంది.

"ఇంక కాపాడటానికేముంది," అంది. "పోనీయవే."

కొండ మీది పాకలో ఆవు చాపచుట్టలా పడుంది. పెద్దాయన దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ బండి దిగి రెండడుగులు వేసింది. వేళ్ళ సందుల్లోంచి చల్లటి బురద పైకి తన్నింది. అప్పుడు చూసుకుంది, కాళ్ళకు బూట్లు లేవు. షెడ్డు ఆచారానికి అలవాటైన కాళ్ళు బూట్లను వసారా గట్టు మీదే వదిలి, వాటంతట అవే చెంబుడు నీళ్ళతో కడుక్కుని, తుడుచుకుని మరీ ఎక్కాయి. వెనక్కి తిరిగితే భర్తా ఉత్తికాళ్ళే, అత్తగారూ ఉత్తికాళ్ళే.

"సంచి ఏదండీ?"

"నువ్వు పెట్టలేదూ?"

"మీరు పెట్టారనుకున్నాను."

"అది బండిలో పెట్టకూడదు కదే," అంది అత్తగారు. అని, తన మాట తనకే వినబడి ఊరుకుంది.

సబ్బూ వేణ్ణీళ్ళూ పెద్దాయన దగ్గర ఉన్నాయి. కావలసింది దూడ కాళ్ళకు వేసి లాగడానికి మెత్తటి తాడు. పాకలో ఉన్నది మోకు, చర్మం ఒలిచేస్తుంది. పళ్ళ డాక్టరుకు బండి వెనక ఉన్న తోలుపెట్టె గుర్తొచ్చింది. దాని మీద బంగారు రంగులో "సాహస యాత్రికుల అత్యవసర పెట్టె" అని ఉంది. పరిగెత్తి తెరిచాడు. లోపల రెండు గాజు గ్లాసులు, ఒక మడతబల్ల, పూలు పెట్టుకునే చిన్న కూజా ఉన్నాయి.

"సాహసానికి కూజా ఎందుకురా?" అంది అత్తగారు.

డాక్టరమ్మ కళ్ళు అప్పటికే కిటికీ పరదాల మీదున్నాయి. అటు చూడగానే అత్తగారికి అర్థమైంది. కుచ్చులను ఒకసారి వేళ్ళతో నిమిరింది. అంతే. తన చేతులతో తనే తాళ్ళు విప్పి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో వేసింది, కుచ్చులతో సహా.

డాక్టరమ్మ మోచేతుల పైదాకా సబ్బు రాసుకుని, బురదలో బోర్లా పడుకుంది. లోపలికి చెయ్యి పెట్టి చూస్తే దూడ తల సరిగానే ఉంది. రెండో ముంగాలు మడతపడి వెనక్కి ఉంది. నొప్పి తగ్గినప్పుడు దూడను మెల్లగా లోపలికి నెట్టి, గిట్టను అరచేత్తో కప్పి, ముందుకు తెచ్చింది. రెండు కాళ్ళకూ తాళ్ళు వేసింది.

"అది ముక్కినప్పుడే లాగండి. కిందికి. ఆగమంటే ఆగండి."

పళ్ళ డాక్టరు జీవితంలో చాలా లాగాడు కానీ ఇంత పెద్దది ఎప్పుడూ లాగలేదు. పెద్దాయనా ఆయనా కలిసి లాగారు. ఉత్తికాళ్ళు జారి ఇద్దరూ రెండుసార్లు వెల్లకిలా పడ్డారు. రెండోసారి దూడ కూడా వచ్చి పళ్ళ డాక్టరు ఒళ్ళో పడింది.

కదల్లేదు. డాక్టరమ్మ ముక్కూ నోరూ తుడిచి, గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పింది. గడ్డితో డొక్కలు రుద్దింది. పెద్దాయన మొహం అటు తిప్పుకున్నాడు. దూడ తుమ్మింది. ఊపిరి అందింది కానీ ఒళ్ళు మంచుగడ్డలా ఉంది, వణుకు ఆగడం లేదు. తల్లికి లేచి నాకే ఓపిక లేదు. పాకలో ఉన్న గడ్డి అంతా తడిసిపోయింది.

"వేడిగా ఎక్కడైనా..." అంది డాక్టరమ్మ.

"నా సీటుంది," అంది అత్తగారు.

తలుపు తీయగానే బండి వంగింది. దూడను ఎత్తి ఎక్కించడానికి సరిగ్గా ఆ ఎత్తే కావాలి. తోలుసీటు మీద జిగురుగా, కుచ్చుల తాళ్ళతో సహా దూడ పడుకోగానే గొంతు పలికింది.

"స్వాగతం. ఈ రోజు మీ మనసెలా ఉంది?"

"దాని మనసు బాగాలేదు," అంది అత్తగారు. "వేడి పెంచు. వీపు రుద్దు. గట్టిగా."

సీటు రుద్దసాగింది. పక్కనుంచి అత్తగారు పరదా గుడ్డతో డొక్కలు రుద్దింది. "సీటు బెల్టు పెట్టుకోగలరు," అని బండి బతిమాలుతూనే ఉంది. కొంతసేపటికి వణుకు తగ్గింది. ఇంకొంతసేపటికి దూడ తల ఎత్తి చుట్టూ చూసి, అత్తగారి కొంగు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకో ఏమో, పాకలో తల్లి "అంబా" అని లేవడానికి మోకాళ్ళ మీద బలం కూడదీసుకుంది. పెద్దాయన దూడను ఎత్తుకెళ్ళి తల్లి ముందు పెట్టి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

మర్నాడు బండి షోరూంకు వెళ్ళింది. షోరూం మనిషి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేత్తో ముట్టుకుని చూశాడు.

"ఈ బురద ఎవరి పని సార్? మా పెయింటరుకు ఇంత సహజంగా కుదరట్లేదు."

"దూడ పని," అంది వెనకనుంచి అత్తగారు. "అది ఉండనీ బాబూ. ముందు ఆ తివాచీ పీకెయ్. కింద రేకు ఉంటుందిగా, చాలు. రేకుకు ఒక కన్నం పెట్టు."

"కన్నమా అమ్మా?"

"నీళ్ళు కొడితే పోవద్దూ? ఎలా పెట్టాలో తెలీకపోతే అదుగో, ఆ రాయెక్కిన జీపును చూసి పెట్టు."

కన్నానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తివాచీ మాత్రం పీకించి, అత్తగారు దాన్ని అక్కడికక్కడే మడిచి బండిలో వేయించింది, ఆ తొలిచూలు ఆవు తడి గడ్డి మీద పడుకోకుండా. డాక్టరమ్మ రబ్బరు బూట్లతో ఎక్కింది. అత్తగారు వసారా గట్టు మీదినుంచి తెచ్చిన మందుల సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దాటి మట్టిదారి రాగానే గొంతు పలికింది.

"ముందున్న దారి మీ స్థాయికి తగినది కాదు. దగ్గరలో మంచి కాఫీ దుకాణం..."

"నోర్మూసుకుని నడువు," అంది అత్తగారు పుట్టింటి చనువుతో. "అక్కడ మన దూడ ఉంది. దాన్ని చూసొచ్చాక తాగుదాం."